తల్లిగారి నీళ్ళు

మా నల్లగొండ వైపు ఎవరైనా నడుము నొప్పి అంటే, డాక్టరైనా పక్కింటివాడైనా ముందు అడిగేది ఒకటే: "ఏ నీళ్ళు తాగుతున్నవ్?" జ్వరానికీ దగ్గుకూ వేరే ప్రశ్నలున్నాయి. నడుము, మెడ, మోకాళ్ళు, ఈ మూడింటికి మాత్రం జవాబు నీళ్ళలోనే ఉంటుందని మాకు ఉగ్గుపాల నాటినుంచే తెలుసు. బోరునీళ్ళలోని ఫ్లోరైడు ఏళ్ళ తరబడి ఎముకలో పేరుకుని దాన్ని బండలా బిగిస్తుంది, కీళ్ళు కదలనివ్వదు, ఆఖరికి మనిషిని వంచేస్తుంది. ఇప్పుడు ఊళ్ళకు పైపుల్లో నది నీళ్ళు వస్తున్నాయి, కాదనను. కాని అన్నేళ్ళు తాగిన పాత నీళ్ళు ఎముకల్లోంచి ఎక్కడికి పోతాయి?

నా పేరు సైదులు. ఒక ట్రస్టు నడిపే ఎముకల ఆసుపత్రిలో న్యూక్లియర్ స్కానింగు టెక్నీషియన్ని. పద్నాలుగేళ్ళుగా అదే పని. న్యూక్లియర్ అనగానే మా ఊళ్ళో వాళ్ళకు బాంబు గుర్తొచ్చి నాతో కొంచెం దూరంగా కూర్చునేవారు గాని, నిజానికి ఇది చాలా నెమ్మదైన పని. నరంలోకి చిన్న సూదితో కొద్దిపాటి రేడియో మందు ఎక్కిస్తాం. మూడు గంటలు నీళ్ళు తాగుతూ కూర్చోమంటాం. ఈలోపు ఆ మందు వెళ్ళి ఎముకల్లో చేరుతుంది. జబ్బు ఉన్నచోట ఎక్కువగా చేరుతుంది. అప్పుడు బల్లమీద పడుకోబెడితే కెమెరా బొమ్మ తీస్తుంది. మామూలు ఎముక లేత బూడిద రంగులో ఉంటుంది, క్యాన్సర్ ఉన్నచోట నల్లటి చుక్క కనిపిస్తుంది.

ఇది ఎక్కడైనా పనిచేస్తుంది, మా దగ్గర తప్ప. నీళ్ళు పట్టిన ఎముక ఆ మందును మొత్తం తానే లాగేసుకుంటుంది. తలనుంచి పాదం దాకా నలుపే. అందులో క్యాన్సర్ చుక్కను వెతకడమంటే నల్లగొంగడి మీద నల్లచీమను వెతకడమే. అందుకని అనుమానం వచ్చిన ప్రతివాళ్ళకూ బయాప్సీ చేయాల్సి వచ్చేది. గొట్టం లాంటి లావు సూదిని తిప్పుతూ ఎముకలోకి దించి, అగ్గిపుల్లంత ముక్క బయటకు తీస్తారు. వేరే ఊరి ఎముకలోకి సూది దిగుతుంది. మా వాళ్ళ ఎముకలోకి దిగదు, వంగుతుంది. చర్మానికి మత్తిస్తారు గాని ఎముక లోపలికి ఏ మత్తూ అందదు. పది మందికి సూది గుచ్చితే ఒకరికో ఇద్దరికో క్యాన్సర్ తేలేది. మిగిలిన ఎనిమిది మందీ ఊరికే అరిచినట్టు.

ఆ అరుపులు వినలేకే డాక్టర్ హైమవతి ఈ బొమ్మలకు వడపోతను కనిపెట్టిందని నేను అనుకుంటాను. ఆమె మాత్రం ఎప్పుడూ అలా చెప్పలేదు.

ఆమె హైదరాబాద్ నుంచి ఆరేళ్ళ కిందట వచ్చింది. మాట తక్కువ, టీ ఎక్కువ. వచ్చిన ఏడాదే జిల్లాలో ఏ ఊరి బావిలో, ఏ బోరులో, ఏ సంవత్సరం ఎంత ఫ్లోరైడు ఉందో పాత రికార్డులన్నీ తవ్వించి తెప్పించుకుంది. నలభై ఐదేళ్ళ లెక్కలు, పదకొండు వందల ఊళ్ళు. వాటిని కంప్యూటర్‌కు నేర్పింది. ఇక మనిషి స్కానింగుకు వస్తే పేరు, వయసు, ఊరు, ఈ మూడు గడులు నింపితే చాలు. ఆ ఊరి నీళ్ళు ఆ మనిషి ఎముకలో ఏ పొరకు ఎంత నలుపు పూసి ఉంటాయో వడపోత లెక్కగట్టి, ఆ నలుపును బొమ్మలోంచి తీసేస్తుంది. నీళ్ళ వాటా పోగా మిగిలింది జబ్బు. ఏమీ మిగలకపోతే సూది అక్కర్లేదు.

మొదట మూడు వందల పన్నెండు మంది మగవాళ్ళ మీద పరీక్షించాం. ప్రొస్టేటు క్యాన్సర్ ఎముకలకు పాకుతుంది కాబట్టి స్కానింగుకు ఎక్కువగా వచ్చేది ముసలి మగవాళ్ళే. వడపోత చూశాక అందరికీ బయాప్సీ కూడా చేసి సరిపోల్చాం. ఒక్కడికి తప్ప అందరికీ సరిపోయింది. ఆ ఒక్కడూ బల్లమీద కదిలి ఉంటాడని నేనే అన్నాను. మేడం కూడా సరేనంది. అతను ఇల్లరికపు అల్లుడని మాకు చాలా ఆలస్యంగా తెలిసింది.

*

మా అక్క ఈదమ్మ నాకంటే ఎనిమిదేళ్ళు పెద్దది. మా ఊరు వాగొడ్డు. ఊరి పక్కనే వాగు ఉండేది, ఇసుకలో చెలిమె తీస్తే కొబ్బరినీళ్ళలాంటి నీళ్ళు వచ్చేవి. అక్కను పదహారో ఏట పదకొండు కిలోమీటర్ల దూరంలోని సుద్దబావికి ఇచ్చారు. పేరులోనే సుద్ద ఉన్న ఊరు. అక్కడ పుట్టిన పిల్లలకు పాలపళ్ళు పోయి వచ్చే పళ్ళు గోధుమరంగు చారలతోనే వస్తాయి. మా అక్క కాపురానికి వెళ్ళిన మొదటివారం వీధిలో ఆడవాళ్ళంతా వచ్చి ఆమెను నవ్వించి చూశారట. 'తెల్లపండ్ల కోడలు' అని పేరు పెట్టారు.

అప్పటినుంచి మా ఇంట్లో ఆమెకు ఈదమ్మ అన్న పేరు పోయింది. "సుద్దబాయి ఫోన్ చేసిందిరా" అనేది మా అమ్మ. నా పిల్లలకు ఆమె సుద్దబాయి అత్త. పెళ్ళయిన ఆడపిల్లను ఊరి పేరుతో పిలవడం మా దగ్గర ఎంత మామూలంటే, అది పేరు కాదని కూడా ఎవరికీ తోచదు.

రెండేళ్ళ కిందట బావ బుచ్చిరాములు ఆమెను ఆసుపత్రికి తీసుకొచ్చాడు. ఎడమ తుంటిలో నాలుగు నెలలుగా నొప్పి. వడపోత వచ్చి అప్పటికి మూడేళ్ళు. మందు ఎక్కించి, నీళ్ళసీసా చేతికిచ్చి వరండాలో కూర్చోబెట్టాను.

"ఏరా తమ్మీ, ఆ గొట్టంల పండుకుంటే నొప్పి పోతదా?" అంది.

"పోదక్కా. ఎందుకు నొస్తున్నదో తెలుస్తది."

"అదైతే నాకెరికనే. ముప్పై ఏండ్లు మీ బావ ఇంట్ల వంగి వంగి ఊడ్సిన."

"అది వంగింది తక్కువ, నన్ను వంచింది ఎక్కువ" అన్నాడు బావ, నా వైపు చూడకుండానే.

అక్క నవ్వి సీసా ఎత్తింది. సగం తాగి, మూతి తుడుచుకుని, "నాకు నీళ్ళు తాపుడే నీ బతుకైందిరా" అంది. ఆమె దేన్ని తలుచుకుందో నాకు వెంటనే తెలిసింది. ఆమె కూతురు మంగ, దాని తమ్ముడు పుట్టినప్పుడు అక్క ఒక పట్టు పట్టింది: తన పిల్లలు సుద్దబావి నీళ్ళు ముట్టకూడదని. నేను హైస్కూల్లో ఉన్నాను. ప్రతి ఆదివారం వాగులో చెలిమె తోడి, రెండు క్యాన్లు సైకిలుకు కట్టుకుని పదకొండు కిలోమీటర్లు తొక్కేవాణ్ణి. ఏడేళ్ళు తొక్కాను. ఆ నీళ్ళు పిల్లలకే. తాను గుక్కెడు కూడా తాగేది కాదు, బోరునీళ్ళే తాగేది. మంగ కాళ్ళు ఇవాళ తిన్నగా ఉన్నాయంటే ఆ క్యాన్ల వల్లనే. ఈ సంగతి సుద్దబావిలో అందరికీ తెలుసు.

"ఆ పెద్ద సూది మాత్రం నాకొద్దు" అంది అక్క ఉన్నట్టుండి. నవ్వు పోయింది. "మా అత్తకు గుచ్చినప్పుడు నేనే చెయ్యి పట్టుకున్న. ఆమె పట్టిన పట్టుకు నా గాజులు పలిగినయ్. నాకు గది వద్దు తమ్మీ."

"మిషన్ చూసినంక అక్కరే ఉండదక్కా" అన్నాను. ఆ మాట చెప్పగలిగినందుకు గర్వపడ్డాను కూడా.

లోపలికి వెళ్ళి మూడు గడులూ నింపాను. ఆమెను అడగాల్సిన పనే లేదు. పేరు ఈదమ్మ. వయసు నలభై ఏడు. ఊరు సుద్దబావి.

బొమ్మ వచ్చింది, అంతా నలుపు. వడపోత నొక్కాను. నలుపు కొంచెం కొంచెంగా కరిగిపోయింది. పుర్రె, పక్కటెముకలు, వెన్ను, తుంటి, ఒక్కొక్కటే లేత బూడిద రంగుకు తిరిగాయి. ఎక్కడా చుక్క లేదు. హైమవతి మేడం వచ్చి చూసి, "నీళ్ళే సైదులూ. బయాప్సీ అక్కర్లేదు" అంది. నేను వరండాకు పరుగెత్తాను, ముప్పై తొమ్మిదేళ్ళ మనిషిని. అక్క నా తలమీద చెయ్యి పెట్టి కాసేపు తీయలేదు. వారం తిరక్కుండా సర్వపిండి చేసి బావ చేత పంపింది, ఆసుపత్రిలో నలుగురికీ పంచేంత.

నొప్పి తగ్గలేదు. ఆమె మూడుసార్లు ఫోన్ చేసింది. మొదటిసారి, "జెర ఎక్కువైంది" అంది. రెండోసారి, పడుకుంటే కూడా నొస్తున్నదంది. మూడోసారి, "ఒక్కసారి మళ్ళ చూస్తవారా?" అంది. మూడుసార్లూ నేను ఒకే మాట చెప్పాను: "మిషన్ చూసింది గదక్కా. నీళ్ళనొప్పే. గోలీలేసుకో." ఆ ఫోన్లు ఏ తేదీల్లో వచ్చాయో ఇప్పుడు నాకు కంఠతా వచ్చు.

*

తొమ్మిది నెలలకు, అంగడి రోజున, ఆటో దిగుతూ కాలు కింద పెట్టగానే ఆమె తుంటి విరిగింది. పడి విరగలేదు. విరిగి పడింది.

ఎక్స్‌రేలో తుంటి ఎముక చెదలు తిన్న తలుపులా ఉంది. ఇక సూది తప్పలేదు. నేనే లోపలికి వెళ్ళి చెయ్యి పట్టుకున్నాను. ఆమె అరవలేదు. కళ్ళు మూసుకుని పెదవి కొరికింది, నా చేతిని మాత్రం వదల్లేదు. రెండు సూదులు వంగాక మూడోది దిగింది. అంతా అయ్యాక, "తప్పుతదనుకున్న" అంది. ఎవరినీ అన్నట్టు కాదు. అందుకే నాకు ఇంకా ఎక్కువ తగిలింది.

ఎముకలోనే పుట్టిన క్యాన్సర్ అని తేలింది. చిన్నదిగా ఉన్నప్పుడు ఆ ముక్క కోసి తీసేస్తే చాలామంది బతికి బట్టకడతారు. అప్పటికది ఊపిరితిత్తుల్లోకి చేరింది. ఎముకల డాక్టరు బావను పక్కకు తీసుకెళ్ళి నాలుగైదు నెలలని చెప్పాడు.

హైమవతి మేడం అక్క పాత స్కానింగును మళ్ళీ వడపోతలో పెట్టింది. మళ్ళీ శుభ్రంగానే వచ్చింది. పదిసార్లు పెట్టింది. రెండు రోజులు ఆమె టీ కూడా తాగలేదు. "ఇంత ముదిరిన గడ్డ తొమ్మిది నెలల కిందట లేకుండా ఉండదు. నా మిషన్‌కు ఎందుకు కనిపించలేదు?" అని గోడను అడిగింది. నేను ఆ గదిలోనే కూర్చుని తెరవైపు చూస్తున్నాను. చంకలో బిడ్డను పెట్టుకుని ఊరంతా వెతికినట్టు ఇద్దరం లెక్కల్లో వెతికాం, కెమెరాలో వెతికాం, మందు సీసాల్లో వెతికాం.

చివరికి మేడం, బయాప్సీలో తీసిన అక్క ఎముక ముక్కనే పొరలు పొరలుగా కోయించి, ఏ పొరలో ఎంత ఫ్లోరైడు ఉందో కొలిపించింది. మూడో రోజు ఆ కాగితం పట్టుకుని నేరుగా వార్డులోకి వచ్చింది. నేను అక్క మంచం పక్కన స్టూలుమీద ఉన్నాను.

"అమ్మా, ఒకసారి పళ్ళు చూపిస్తారా?" అంది.

"తుంటి ఇరిగితే పండ్లు సూస్తరా డాక్టరమ్మా?" అని అక్క నవ్వింది. అంత నొప్పిలోనూ నవ్వింది. ఆ పళ్ళు తెల్లగా ఉన్నాయి. చిన్నప్పటినుంచీ నేను చూస్తున్న పళ్ళే.

మేడం ఆ పళ్ళనూ చేతిలోని కాగితాన్నీ మార్చి మార్చి చూసింది. "పై పొరల నిండా ఫ్లోరైడు ఉంది సైదులూ. లోపలి పొరల్లో దాదాపు లేదు. ఈమె చిన్నప్పుడు మంచినీళ్ళు తాగింది" అని, నా వైపు తిరిగి అడిగింది. "ఈమెది ఏ ఊరు?"

"సుద్దబావి మేడం" అన్నాను.

అప్పుడు కూడా అదే అన్నాను.

"వాడు గట్లనే అంటడు గని, నాది వాగొడ్డు డాక్టరమ్మా" అంది అక్క మంచంమీద నుంచి. "వాడూ నేనూ ఒక్క తల్లి కడుపుల పుట్టినం."

*

ఇద్దరం స్కానింగు గదికి వచ్చాం. తొమ్మిది నెలల కిందటి బొమ్మే. మేడం ఊరి గడిని రెండుగా చేసింది, పుట్టిన ఊరు, వచ్చిన ఊరు అని. పదహారేళ్ళు వాగొడ్డు, ముప్పై ఒక్కేళ్ళు సుద్దబావి. నొక్కు, అంది. నేనే నొక్కాను.

నలుపు కరిగింది. ఈసారి అంతా కరగలేదు. ఎడమ తుంటిలో శనగగింజంత చుక్క మిగిలింది.

ఆమె చిన్నప్పటి ఎముకలో లేని నీళ్ళను ఉన్నాయనుకుని, వడపోత ఎక్కువ తీసేసింది. ఆ ఎక్కువలో చుక్క కూడా పోయింది. మిషన్ తప్పేమీ లేదు. దానికి ఏ ఊరు చెబితే ఆ ఊరి నీళ్ళు తీసేసింది. ఆ మూడు వందల పన్నెండు మంది మగవాళ్ళలో ఇల్లరికం వెళ్ళినవాడికి తప్ప అందరికీ అది సరిపోయింది, ఎందుకంటే మగవాడు పుట్టిన ఊళ్ళోనే ముసలివాడవుతాడు. ఆడదానికి రెండు ఊళ్ళుంటాయి. గడి ఒకటే పెట్టాం.

"ఊరంటే ఊరే కదా అనుకున్నాను" అంది హైమవతి మేడం. కళ్ళద్దాలు తీసి చీరకొంగుతో తుడుచుకుంది. "నేను పెళ్ళయ్యాక కూడా హైదరాబాద్‌లోనే ఉన్నాను. నాకు తట్టలేదు. ఇది నా తప్పు."

ఆమె తప్పు ఆమెది. కాని ఆమెకు వాగొడ్డు తెలియదు. నాకు తెలుసు. ఆ నీళ్ళు తాగి పెరిగినవాణ్ణి, ఆ నీళ్ళు సైకిలుమీద మోసినవాణ్ణి, ఆరోజు వరండాలో ఆమె ఆ నీళ్ళ సంగతే చెబుతుంటే విని లోపలికి వెళ్ళి సుద్దబావి అని కొట్టినవాణ్ణి నేను. నన్ను నేను ఎలా క్షమించుకోవాలో నాకిప్పటికీ తెలియదు.

ఆ సాయంత్రమే మేడం వడపోతను ఆపించింది. ట్రస్టుకు ఉన్నదున్నట్టు ఉత్తరం రాసింది. నేను వార్డుకు వెళ్ళి అక్కకు చెప్పాను. బావ టీ కోసం బయటికి వెళ్ళేదాకా ఆగి చెప్పాను, అంత పిరికివాణ్ణి.

"తప్పు నాదక్కా. మిషన్‌ల నీ ఊరు సుద్దబాయి అని రాసిన."

"మరి సుద్దబాయే గద."

"కాదక్కా. నువ్వు పుట్టిన ఊరు కూడ రాయాలె. రాసుంటే అప్పుడే దొరికేది. అప్పుడే కోసి తీసేసేటోళ్ళు."

ఆమెకు అర్థం కావడానికి కొంచెంసేపు పట్టింది. అర్థమయ్యాక నా మొహంలోకి చూసింది.

"సుద్దబాయిల నన్ను వాగొడ్డామె అంటరు" అంది మెల్లగా. "ముప్పై ఏండ్లాయె, ఇంక గట్లనే అంటరు. మనూరికొస్తెనేమో సుద్దబాయిదాన్ని. సరే, లోకమంతా గంతే అనుకున్న. నువ్వొక్కనివన్న యాది పెట్టుకుంటవనుకున్నరా."

ఆ మాటన్నాక గోడవైపు తిరగబోయింది, తుంటి తిరగనివ్వలేదు. మొహం మాత్రం తిప్పుకుంది. రెండు రోజులు నాతో మాట్లాడలేదు. నేను తెచ్చిన జావ మంగ తాగిస్తే తాగింది, నేను తాగిస్తే తాగలేదు. ఆ కోపం ఆమె హక్కు. నేను స్టూలుమీదే కూర్చున్నాను.

మూడో రోజు పొద్దున ఆమే అడిగింది. "ఇంకెంతమంది ఉన్నరు, నా అసొంటోళ్ళు?"

"మిషన్‌ల చూసిన ఆడోళ్ళు పద్దెనిమిది వందల నలభై ఆరు మంది."

"అందరికి గట్లనే రాసినవా?"

"అందరికి."

"మరి నా మొహం సూసుకుంట ఈడ కూసున్నవేందిరా? పొయ్యి అడుగు" అంది. నేను లేచాను. గుమ్మం దాకా వెళ్ళాక మళ్ళీ పిలిచింది. "పుట్టిన ఊరని అడగకు. తల్లిగారి ఊరేదని అడుగు. సక్కగ చెప్తరు."

*

బొమ్మలన్నీ కంప్యూటర్లో ఉన్నాయి. లేనిది ఆ రెండో ఊరు ఒక్కటే. మేడం, నేను, ఇద్దరు నర్సులు ఫోన్లు పంచుకున్నాం.

భయపడుతూ మొదటి నంబరు కొట్టాను. ఆసుపత్రి నుంచి అనగానే అవతలి గొంతు బిగుసుకుంది. "అమ్మా, మీ తల్లిగారి ఊరేది?" అన్నాను. ఆ గొంతు మారిపోయింది. నేనెప్పుడూ అనుకోనంతగా మారిపోయింది.

తర్వాత అందరిదీ అదే వరస. పొలంలో ఉన్నామన్నవాళ్ళు గట్టుమీద కూర్చున్నారు. అన్నం తింటున్నామన్నవాళ్ళు తినడం ఆపేశారు. ఒకామె తన ఊరి దిగుడుబావికి ఎన్ని మెట్లో చెప్పింది, ఇరవై రెండు. ఇంకొకామె తన అన్నతో మాట్లాడి పదిహేనేళ్ళయిందని, అయినా ఆ ఊరి పేరు చెబితే నోరూరుతుందని అంది. డెబ్భై ఏళ్ళ ముసలామె ఒకతి, "ఎందుకయ్యా, ఆడ ఇప్పుడు మావోళ్ళు ఎవ్వరు లేరు" అంటూనే, మోట కొట్టేటప్పుడు వాళ్ళ నాయిన పాడే పాట రెండు చరణాలు పాడింది. ఆ ప్రశ్న వెనకాల ఏముందో వాళ్ళకు తెలియదు. ఇన్నేళ్ళకు ఒకరు అడిగారని మాత్రమే వాళ్ళ సంతోషం. నేను రాసుకుని, ఎన్నో ఏట కాపురానికి వచ్చారో అడిగి, పెట్టేసేవాణ్ణి. కొన్నిసార్లు ఫోన్ పెట్టేశాక స్టోరు గదిలోకి వెళ్ళి తలుపేసుకుని ఏడ్చేవాణ్ణి.

కొత్త లెక్కతో ముప్పై ఒక్క మందికి చుక్క తేలింది. వాళ్ళకు మళ్ళీ ఫోన్ చేయాల్సి వచ్చింది. "ఓ, తల్లిగారి ఊరు అడిగిన అబ్బాయివా" అని చనువుగా పలకరించేవాళ్ళు. అప్పుడు చెప్పాలి, ఒకసారి రండమ్మా, సూదితో చిన్న ముక్క తీసి చూడాలని. అది చెప్పడం నాకు ఎప్పటికీ చేతకాలేదు, అయినా చెప్పాను. మిట్టగూడెం ఆమె ఫోన్ ఎత్తలేదు, ఆమె కొడుకు ఎత్తాడు. ఆమె పోయి అయిదు నెలలైంది. అతనికి ఉన్నది ఉన్నట్టు మేడం స్వయంగా వెళ్ళి చెప్పింది. అతను తిట్టిన తిట్లన్నీ నిలబడి విని వచ్చింది.

అక్కను సుద్దబావికి తీసుకెళ్ళిపోయారు. నేను ఆదివారం ఆదివారం వెళ్ళేవాణ్ణి. "ఎంతమంది దొరికిండ్రు?" అని అడిగేది, ఇంకేం మాట్లాడేది కాదు. కోసి తీసేయగలిగినవాళ్ళు పన్నెండు మందన్నాను ఒకసారి. పందొమ్మిది మందన్నాను ఇంకోసారి. వేళ్ళు మడిచి ఏదో లెక్కపెట్టుకుంది. "ఇంక ఎన్ని ఫోన్లున్నయ్?" అంది. నాలుగు వందలన్నాను. "అయితే పొద్దుపోకముందే పో" అని పంపించేసింది. నన్ను క్షమించిందా అని నేను అడగలేదు. ఆమె చెప్పలేదు.

*

మంగళవారం పొద్దున మంగ ఫోన్ చేసింది. "మామా, అమ్మ పోయింది" అంది.

మా దగ్గర పెళ్ళయిన ఆడది పోతే తల్లిగారివాళ్ళు వచ్చేదాకా శవాన్ని లేపరు. తల్లిగారి చీర పడాలి. ముప్పై ఏళ్ళు ఏ కాగితంమీదా అక్కర్లేని ఊరు ఆరోజు అందరికీ కావాలి. ఆడదాని ఊరు ఇన్నాళ్ళకు అడుగుతారు.

చీర కొన్నాను. తిన్నగా సుద్దబావికి వెళ్ళలేదు. వాగొడ్డుకు వెళ్ళాను. వాగు ఎండిపోయి చాలా ఏళ్ళయింది, సగం ఇసుక లారీల్లో పోయింది. మిగిలిన ఇసుకలో మోకాళ్ళమీద కూర్చుని చేతులతో చెలిమె తవ్వాను. నడుంలోతు తవ్వాక తడి తగిలింది. నీళ్ళు ఊరడానికి గంట పైనే పట్టింది. గ్లాసుతో తోడి, గుడ్డతో వడపోసి, ఒక క్యాను నింపాను. బండి వెనక కట్టుకుని ఆ పదకొండు కిలోమీటర్లూ వెళ్ళాను.

వాకిట్లో జనం ఉన్నారు. బావ అరుగుమీద కూర్చుని ఉన్నాడు. అక్కను తడికె చాటుకు తీసుకెళ్ళి స్నానానికి కూర్చోబెట్టారు. పైపునీళ్ళు కాచి సిద్ధంగా పెట్టారు. నేను క్యాను తెచ్చి తడికె దగ్గర దించాను.

స్నానం పోయిస్తున్న ముసలామె తొంగి చూసింది. వంగిన నడుము, మెడ తిరగదు, ఒళ్ళంతా తిప్పి చూసింది. మూత తీసి, అరచేతిలో కొంచెం పోసుకుని వాసన చూసింది.

"ఏ నీళ్ళు బిడ్డా ఇవి?" అంది.

ఆ ప్రశ్నను నేను మా అక్కను అడగాల్సింది. అడగలేదు.

"తల్లిగారి నీళ్ళు" అన్నాను.